ఇంట్లో ఉంటూనే అపరిగ్రహం పాటించడం ఎలా?

అపరిగ్రహమంటే అవసరానికి మించి కూడబెట్టుకోకపోవడం. ఇలా వస్తువుల మీద మమకారం తగ్గించుకోవాలనుకున్నవారు సాధారణంగా మొదట చేసే పని బీరువా ఖాళీ చేయడం. పాత బట్టలన్నీ మూటగట్టి ఎవరికో ఇచ్చేసి మనసు తేలికపడిందనుకుంటారు కానీ, దసరా నాటికి ఆ అర మళ్ళీ నిండిపోతుంది. పాత చీరలు వేసి స్టీలు గిన్నెలు తీసుకునేవారి సంగతి చెప్పనే అక్కరలేదు, అక్కడ మమకారం బీరువాలోంచి వంటింటి సజ్జ మీదికి చేరిందంతే. కాబట్టి ఇవ్వడానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. నాకు ఎంతవరకు చాలు అన్న హద్దును నిర్ణయించుకోవాలి. ఆ హద్దు లేకుండా ఎంత ఇచ్చినా అది ఇల్లు సర్దుకోవడమే తప్ప సాధన కాదు.

సంసారం చేసుకునేవారికి ఈ మార్గాన్ని చాలా వివరంగా చెప్పినవారు జైనులు. ముని సర్వం విడిచిపెట్టాలి, గృహస్థు మాత్రం తన దగ్గర ఏది ఎంత ఉండవచ్చో తానే పరిమితి పెట్టుకొని దానికి కట్టుబడాలి అన్నది వారి నియమం. పరిగ్రహ పరిమాణమనే ఈ వ్రతం, గృహస్థులకు చెప్పిన ఐదు చిన్న వ్రతాలలో, అంటే అణువ్రతాలలో, చివరిది. పొలం, ఇల్లు, వెండి, బంగారం, ధనం, ధాన్యం, ఇంటి సామాను ఇలా దేనికది విడదీసి లెక్క చూసుకోమంటుంది. యోగసూత్రాలలో పతంజలి చెప్పిన ఐదు యమాలలోనూ, అంటే నిగ్రహ నియమాలలోనూ, చివరిది అపరిగ్రహమే. ఓరుగల్లు ప్రాంతానికి ఇది బయటినుంచి వచ్చిన కొత్త మాట కాదు. హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద జైన గురువులైన తీర్థంకరుల శిల్పాలు నేటికీ ఉన్నాయి. కాకతీయ రెండవ ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ అక్కడ బసది, అంటే జైన ఆలయం, కట్టించిందని 1117 నాటి శాసనం వల్ల తెలుస్తోంది. సర్వం విడిచిన తీర్థంకరులున్న ఆ గుట్ట మెట్లు దిగుతూ మనం ప్లాట్ల ధరలు మాట్లాడుకోవడం వేరే విషయం.

ముందుగా ఒక నోటుపుస్తకం తీసుకొని, పూర్తిగా మీ సొంతమైనవాటిని మాత్రమే అందులో రాయండి. బంగారం తులాల్లో, స్థలం గజాల్లో, బట్టలు జతల్లో, బ్యాంకులో ఉన్నది రూపాయల్లో రాసి, ఎదురుగా ఇకపై ఎంతకు మించకూడదో కూడా రాయండి. ఆ అంకె ఇప్పుడున్నదానికి సమానంగానో, కొద్దిగా తక్కువగానో ఉండాలి. రెండు ప్లాట్లు ఉన్నవారు ఐదింటికి హద్దు పెట్టుకుంటే కోరికకు తామే అనుమతి ఇచ్చినట్లవుతుంది. పిల్లల చదువుకు, జబ్బు చేస్తే ఆసుపత్రికి దాచుకున్న డబ్బును మమకారం కింద లెక్కించకండి, అది బాధ్యత. అలాగే మిత్తికి తెచ్చిన అప్పు నెత్తిమీద ఉండగా దానధర్మాలకు పూనుకోవడం వైరాగ్యం అనిపించుకోదు. ముందు అప్పు తీర్చాలి.

ఇంట్లోవారి వస్తువుల జోలికి అసలు పోకూడదు. భార్య పుస్తెలతాడు మీద భర్తకు వైరాగ్యం కలగడం, అత్తగారి ఇత్తడి సామాను మీద కోడలికి కలగడం మనం చూస్తూనే ఉంటాం. ఎదుటివారి సొత్తును వదిలించడం చాలా సులభం, దానికి సాధన అవసరం లేదు.

అభ్యాసాన్ని బట్టలతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే అవి రోజూ చేతికి తగులుతాయి. బీరువా అడుగు అరలో తెల్లగుడ్డలో చుట్టి, నాఫ్తలీన్ గోలీలు వేసి దాచిన పట్టుచీరను బయటికి తీయండి. చాలా ఇళ్ళలో అది కట్టుకొని అరిగినది కాదు, కట్టకుండానే మడతల దగ్గర జరీ విరిగినది. ఎన్నడో ఒక పెళ్ళికి కట్టి, ఇంకో పెళ్ళికని దాచి, ఆ పెళ్ళికి కొత్తది కొన్నందువల్ల అలాగే ఉండిపోయినది. దాన్ని చేతిలో పట్టుకున్నప్పుడు ఏది ఆపుతోందో చూడండి. ధర గుర్తుకొస్తోందా, ఇచ్చినవారు గుర్తుకొస్తున్నారా, లేక మళ్ళీ అలాంటిది దొరకదన్న భయమా? ధర గుర్తొస్తే ఇవ్వడం తేలిక, ఆ డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది. భయమైతే ఆ చీరను కొన్నాళ్ళు కట్టుకోండి, తరువాత నిర్ణయించుకోవచ్చు. మనుషులు గుర్తొచ్చే వస్తువును బలవంతంగా వదిలించుకోవలసిన పని లేదు. అమ్మ వాడిన గంగాళాన్ని సజ్జ మీద మూటగట్టి పెట్టడంకంటే కిందికి దించి, చింతపండుతో తోమి, నీళ్ళు పట్టుకొని వాడుకోవడమే దాని పట్ల సరైన వైరాగ్యమని నా అభిప్రాయం. వాడే వస్తువు సొట్టపడుతుంది, అరుగుతుంది, ఒకనాడు పోతుంది. దానికి మనసు సిద్ధపడటమే ఇక్కడ సాధన.

ఇచ్చేటప్పుడు పనికిరానిది ఏరి ఇవ్వకండి. తీసుకునేవారికి ఏం కావాలో ముందుగా అడగండి. ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడితే వస్తువు పోయినా, నేను ఇచ్చానన్నది మిగిలిపోతుంది. నిజమైన పరీక్ష కొన్నాళ్ళ తరువాత ఎదురవుతుంది. మీరిచ్చిన చీరను ఆమె ఏ బోనాలకో కట్టుకొని కనిపించినప్పుడు, పక్కనున్నవారితో అది ఎవరిదో చెప్పకుండా ఉండగలగాలి. ఆమె దాన్ని ఇంకొకరికి ఇచ్చేసినా, చింపి పొయ్యి దగ్గర మసిగుడ్డగా వాడుకున్నా మీకు పట్టింపు ఉండకూడదు. ఈ నేర్పు మన ఆడవాళ్ళకు బతుకమ్మ వల్ల కొంత అలవాటైనదే. పొద్దంతా తంగేడు, గునుగు పేర్చి, పక్కింటివారికంటే ఎత్తుగా ఉండాలని పట్టుబట్టి, సద్దుల నాటి సాయంత్రం పద్మాక్షి గుట్ట దగ్గర ఆడిపాడి నీళ్ళలో వదిలేస్తారు. మరుసటి రోజు వెళ్ళి నా బతుకమ్మ ఎక్కడుందని వెతికేవారు ఉండరు.

డబ్బు విషయంలో కాలం చూసుకోవాలి. జీతగాళ్ళకు నెలనెలా వచ్చినట్టు రైతుకు రాదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తో మిర్చో అమ్మిన సొమ్ము ఒక్కసారిగా చేతికొస్తుంది, ఆ వారంలోనే బండి మార్చాలనిపిస్తుంది, తులం బంగారం కొనాలనిపిస్తుంది. అప్పుకు ఎంత, వచ్చే పంట పెట్టుబడికి ఎంత, ఇంటికి ఎంత, ఇతరులకు ఎంత అన్నది పంట చేను మీద ఉన్నప్పుడే పుస్తకంలో రాసుకుంటే, నోట్లు చేతిలో పడ్డాక కొత్తగా ఆలోచించవలసిన అవసరం ఉండదు.

హద్దు దాటడం జరుగుతూనే ఉంటుంది, ముఖ్యంగా ఒడిబియ్యం, గృహప్రవేశాల వల్ల వచ్చిపడే చీరలు, జాకెట్ ముక్కలతో. దాటినది నెల తిరిగేలోగా ఇంకొకరి ఇంటికి చేరాలని నియమం పెట్టుకోండి. హద్దునే పెంచాలనిపిస్తే వెంటనే పెంచకండి. కారణాన్ని పుస్తకంలో రాసి ఉగాది దాకా ఆగండి, ఆ రోజు కూడా అదే కారణం నిలబడితే పాత అంకెను కొట్టివేయకుండా దాని పక్కనే కొత్త అంకె వేసుకోండి.