వరిలో సుడిదోమను ముందే పట్టుకోవడం ఎలా?

సార్వా పైరు పొట్ట మీద ఉండగా గట్టు మీద నిలబడి చూస్తే పొలం కన్నుల పండువగా ఉంటుంది. వారం తిరిగేసరికి మడి నడుమ చాపంత మేర నిప్పు పెట్టినట్టు ఎండిపోతుంది. ఇంకో నాలుగు రోజులకు ఆ చాప కాస్తా కళ్లమంత అవుతుంది. మా వైపు దీన్ని దోమపోటు అంటాం. పైరు సుడులు సుడులుగా ఎండుతుంది కాబట్టి దోమకు సుడిదోమ అని పేరు.

నేను సేద్యంలోకి దిగిన మొదటి ఏడాది స్వర్ణ రకం వరి వేశాను. రోజూ సాయంత్రం బండి గట్టు మీద ఆపి, పైరు బాగానే ఉందనుకుని ఇంటికొచ్చేసేవాణ్ణి. ఒకరోజు పెదనాన్న నా వెనకాలే వచ్చి, "గట్టు మీద నుంచి ఏం కనపడుద్దిరా? చెప్పులు విప్పి మడిలోకి దిగు" అన్నారు. దిగి నాలుగు దుబ్బులు పాయ తీసి చూస్తే మొదళ్ల నిండా దోమే. అప్పటికే ఆలస్యమైంది. పెద్ద మడిలో సగం కోతకు పనికిరాలేదు.

ఈ పురుగు ఆకుల మీద తిరగదు. నీళ్లకు కాస్త పైన, దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది. వెతకడమైనా, మందు కొట్టడమైనా అక్కడే జరగాలి.

మడిలోకి దిగి చూడటం

నాటిన నెల నుంచి వారానికోసారి చూడండి. చిరుపొట్ట దశ నుంచి గింజ గట్టిపడేదాకా మూడు నాలుగు రోజులకోసారి దిగాలి. మబ్బు పట్టి, గాలి ఆడక ఉక్కపోస్తున్న రోజులుంటే అసలు బద్ధకించకండి.

గట్టు పక్క రెండు మూడు సాళ్లు వదిలేసి, ఒక మూల నుంచి ఎదుటి మూలకు నడవండి. దారిలో 20 దుబ్బులు చూడండి. పైరు బాగా ముదురు పచ్చగా, చిక్కగా ఉన్న చోటు, నీళ్లు ఎప్పుడూ నిలిచే పల్లం మాత్రం తప్పనిసరిగా చూడాలి. దోమ మొదట చేరేది అక్కడే. వెడల్పాటి తెల్ల పళ్లెం ఒకటి వెంట తీసుకెళ్లండి. దుబ్బును పళ్లెం మీదికి వంచి అరచేత్తో రెండు మూడు దెబ్బలు కొడితే దోమలు రాలతాయి. వెంటనే లెక్కపెట్టాలి, లేకపోతే ఎగిరి పోతాయి.

పెద్ద దోమ గోధుమ రంగులో, బియ్యపు గింజలో సగం పొడవుంటుంది. పిల్లలు మొదట తెల్లగా ఉండి తర్వాత గోధుమ రంగుకు వస్తాయి. వేలు దగ్గరికి పెడితే పీతలా పక్కకు జరిగి కాండం అవతలి వైపు దాక్కుంటాయి. రెక్కలు గమనించండి. రెక్కలు పొట్టిగా, పొట్ట ఉబ్బుగా ఉన్న ఆడదోమలు కనిపిస్తే జాగ్రత్త పడాలి. అవి ఎక్కడికీ పోవు, అక్కడే ఉండి, కాండాన్ని చుట్టి ఉండే ఆకు తొడిమల్లోపల వందల్లో గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు వారం, తొమ్మిది రోజుల్లో పిల్లలవుతాయి. నెల లోపే మరో తరం తయారు. ఇంట్లో రాత్రిపూట లైటు చుట్టూ సన్నటి గోధుమ దోమలు మూగుతున్నాయంటే, పొడుగు రెక్కలవి ఊళ్లోకి దిగాయని అర్థం. మర్నాడు పొద్దున్నే పొలానికి వెళ్లండి.

దోమ కంటపడకపోయినా దాని గుర్తులు దొరుకుతాయి. నీళ్ల మీద తెల్లటి పొట్టులాంటిది తేలుతుంటుంది, అది దోమ పిల్లలు విడిచిన చర్మం. మొదళ్లు జిగటగా ఉంటాయి, ఆ జిగట మీద మసిలాంటి నల్ల బూజు పడుతుంది. వీపు మీద తెల్ల చారతో ఉండేది తెల్లవీపు దోమ, దానికీ ఇదే వైద్యం. ఆకుల మీద ఎగిరే పచ్చదోమ వేరు.

లెక్క చూశాకే మందు మాట

పిలక దశలో దుబ్బుకు సగటున 10 నుంచి 15, ఈనిక దశలో 20 నుంచి 25 దోమలుంటే మందు వేయాలి. అంతకు తక్కువుంటే పళ్లెంలో ఇంకేం పడ్డాయో చూడండి. సాలీళ్లు, ఆకుపచ్చగా సన్నగా ఉండి చురుగ్గా పరిగెత్తే మిరిడ్ నల్లులు ఉన్నాయా? సాలీడు దోమను తింటుంది, మిరిడ్ నల్లి తొడిమలో దాగిన దోమ గుడ్లను వెతికి మరీ పీల్చేస్తుంది. అవి బాగా ఉంటే మూడు రోజులు ఆగి మళ్లీ లెక్కపెట్టండి.

ఈలోగా నీళ్లు తీసేయండి. మొదళ్లు తడిగా, చీకటిగా ఉంటేనే దోమకు సుఖం. రెండు మూడు రోజులు ఆరబెట్టి మళ్లీ పలచగా నీరు పెట్టండి. పూత సమయంలో మాత్రం నెర్రెలు విచ్చేదాకా ఎండబెట్టొద్దు, తాలు గింజలు వస్తాయి. యూరియా ఆపేయండి. పక్క చేను కంటే మన చేను పచ్చగా కనిపించాలన్న సరదాతో అదనంగా వేసిన అర బస్తా యూరియా దోమను పిలిచి విందు పెట్టినట్టే. నాట్లప్పుడు తూర్పు పడమరలుగా ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలిన వాళ్లకు ఇప్పుడు సగం టెన్షన్ తగ్గుతుంది. వదలని వాళ్లు కర్రలతో పైరును అటూ ఇటూ వంచి పాయలు తీయాలి. గాలి, వెలుతురు మొదట్లోకి పోవాలి, మందు కొట్టే మనిషికీ దారి కావాలి.

ఏ మందు, ఏది వద్దు

నా మొదటి ఏడాది తప్పు గట్టు దిగకపోవడం ఒక్కటే కాదు. నాటిన 35 రోజులకు ఆకుముడత పురుగు కనిపిస్తే, షాపులో ఇచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందు కొట్టాను. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ లాంటివన్నీ ఈ జాతివే. చవక, పురుగు కళ్లముందే రాలిపోతుంది. దాంతో పాటు సాలీళ్లు, మిరిడ్ నల్లులు కూడా పోతాయి. తొడిమల్లో దాక్కున్న దోమ గుడ్లు మాత్రం భద్రం. అవి పిల్లలయ్యేసరికి తినేవాళ్లు ఎవరూ మిగలరు. వరిలో వీటి జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం, దోమ ఉన్నప్పుడైతే ముట్టుకోనే కూడదు.

దోమ పిల్లలే ఎక్కువగా ఉంటే లీటరు నీటికి 1.6 మిల్లీలీటర్ల బుప్రోఫెజిన్ 25 శాతం ఎస్సీ (ఇలాంటి పొడి అక్షరాలు డబ్బా మీద మందు రూపాన్ని చెబుతాయి) సరిపోతుంది. అది పిల్లలు చర్మం విడవకుండా అడ్డుకుంటుంది, పెద్దవాటిని చంపదు. పెద్దవీ పిల్లవీ కలిసి ఉంటే పైమెట్రోజిన్ 50 శాతం డబ్ల్యూజీ 0.6 గ్రాములు, లేదా డైనోటెఫ్యురాన్ 20 శాతం ఎస్‌జీ 0.4 గ్రాములు లీటరుకు కలపండి. ఈ మూడింటిలో ఏదో ఒక్కటే. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు పట్టాలి, అంటే పైమెట్రోజిన్ 120 గ్రాములు. రెండోసారి కొట్టాల్సి వస్తే మందు మార్చండి, ఒకే మందుకు దోమ అలవాటు పడిపోతుంది.

కొట్టే ముందు మడిలో నీళ్లు తీసేయాలి. నాజిల్‌ను మోకాలి కిందికి దించి, పాయల్లో నడుస్తూ రెండు పక్కలా మొదళ్లు తడిసేలా కొట్టాలి. కూలీ తొందరలో గొట్టం పైకెత్తి ఆకుల మీద వాన కురిపించినట్టు కొట్టారంటే, ఎంత ఖరీదు మందైనా దోమకు చుక్క తగలదు. అందుకే మొదటి రెండు ట్యాంకులు నేనే దగ్గరుండి కొట్టిస్తాను. పూత మీద ఉంటే మధ్యాహ్నం మూడు దాటాక మొదలుపెట్టండి. ముక్కుకు గుడ్డ, నిండు చేతుల చొక్కా, గాలి వాలు మరవొద్దు. కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో డబ్బా మీద ఉంటుంది, చదవండి.

పైమెట్రోజిన్ కొట్టిన మర్నాడు చూస్తే దోమలు బతికే ఉంటాయి. కంగారుపడి ఇంకో మందు తేవద్దు. అవి అప్పటికే పీల్చడం మానేసి ఉంటాయి, నాలుగైదు రోజుల్లో ఆకలితో చస్తాయి. ఐదో రోజు మళ్లీ పళ్లెం పట్టుకెళ్లి అదే లెక్క చూడండి.

ఏటా దోమ తగిలే పొలమైతే విత్తనం మార్చడం గురించి ఆలోచించండి. మార్టేరు పరిశోధన స్థానం ఇచ్చిన విజేత (ఎంటీయూ 1001), కాటన్ దొర సన్నాలు (ఎంటీయూ 1010) దోమను కొంతవరకు తట్టుకుంటాయి. నేను వేసిన స్వర్ణ కూడా మార్టేరుదే, కానీ అది తట్టుకోదు. సాంబ మసూరి కూడా అంతే. తట్టుకునే రకం వేశాం కదా అని మడిలోకి దిగడం మానేయకండి.

ఇక చేను చాలావరకు పండి, గింజ గట్టిపడ్డాక అక్కడక్కడా సుడి తగిలితే మందు డబ్బు దండగ. నీళ్లు పూర్తిగా వదిలేసి, కోత మిషన్‌కు కబురు పెట్టండి. సుడి తగిలిన మడిని ముందు కోయించండి.