అట్ట వెనక చిన్న అక్షరాలు: 1980ల థ్రాష్, హార్డ్‌కోర్ రికార్డుల వేట

నేను ప్రూఫ్‌రీడర్‌ని. పాతికేళ్లుగా అచ్చుతప్పులు ఏరుతూ బతుకుతున్నాను. మరుగున పడిన థ్రాష్, హార్డ్‌కోర్ పంక్ (మహా వేగంగా, కరుకుగా వాయించే రాక్ సంగీతం) రికార్డులను వెతకడంలో నాకు చెవి కన్నా ఈ చిన్న అక్షరాల పిచ్చే ఎక్కువ అక్కరకొచ్చింది.

‘అరుదైన రికార్డులు’ అనే జాబితాలతో మొదలుపెట్టకండి. వాటిలో ధరలు తెలుస్తాయి గానీ పాటలు తెలియవు. సంకలనంతో మొదలుపెట్టండి. 1982లో మాగ్జిమమ్ రాక్‌ఎన్‌రోల్ పత్రిక వాళ్లు కూర్చిన ‘నాట్ సో క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’లో 47 బ్యాండ్లున్నాయి, ఒక్కో బ్యాండుకు ఒక్కో పాట. పేర్లు చూడకుండా మొత్తం వినండి. ఏ పాటకు తల పైకెత్తారో దాని వరుస సంఖ్య మాత్రం కాగితం మీద రాసుకోండి. నాకు ఆరు మిగిలాయి. ఆ ఆరు పేర్లతోనే ఒక ఏడాది గడిచింది.

ఇక అసలు పని. ఒక రికార్డు నచ్చితే దాని అట్ట వెనకా, లోపలి కాగితం మీదా ఉన్న కృతజ్ఞతల పట్టీ చదవండి. భూతద్దం పట్టుకునైనా సరే, చివరిదాకా చదవండి. ఆ కుర్రాళ్లు ఉత్తరాలు రాసుకుంటూ, క్యాసెట్లు మార్చుకుంటూ బతికారు. ఎవరి దగ్గర ఏం విన్నారో ఆ పేర్లన్నీ అక్కడే ఉంటాయి. ఒకే పేరు మూడు అట్టల మీద కనబడితే, ఆ బ్యాండును వెంటనే వెతకండి.

పట్టీ లేకపోతే స్టూడియో పేరు చూడండి. 1986లో క్రియేటర్ ‘ప్లెజర్ టు కిల్’నూ, ఆ తర్వాత వోయివోడ్ ‘కిల్లింగ్ టెక్నాలజీ’నీ బెర్లిన్‌లోని మ్యూజిక్‌ల్యాబ్‌లో రికార్డు చేసినవాడు హారిస్ జాన్స్. జర్మనీ బ్యాండు ఒకటి, కెనడా బ్యాండు ఒకటి, వాటిని కలిపే మనిషి ఒక్కడు. అతని పేరు పట్టుకుని పోతే నేను ఊహించని రికార్డులు చాలా దొరికాయి. వాటిలో సగం బాగాలేవు, అది వేరే సంగతి.

రెండు బ్యాండ్లు చెరోవైపు పంచుకున్న రికార్డులను వదలకండి. బ్రెజిల్‌లోని బెలో హొరిజోంటె నగరంలో కోగుమెలో సంస్థ 1985లో అలాంటిదొకటి తెచ్చింది. అందరూ తర్వాత పేరుమోసిన సెపుల్తూరా ఉన్న వైపే వేస్తారు. తిప్పి, ఓవర్‌డోస్ వైపు వేసి చూడండి.

పేర్లను వాళ్ల లిపిలోనే, చుక్కలతో సహా వెతకండి. ఫిన్లాండ్ బ్యాండు తెర్వేత్ క్యాదెత్ (Terveet Kädet) పేరులో ‘a’ అక్షరం మీద రెండు చుక్కలుంటాయి. అమ్మేవాళ్లలో కొందరు అవి పెడతారు, కొందరు ఎగ్గొడతారు. రెండు విధాలా వెతకాల్సిందే.

కొనే ముందు, పాట ముగిసే గాడికీ లేబుల్‌కీ మధ్య ఉన్న నున్నటి వలయాన్ని ఏటవాలు వెలుతురులో చూడండి. అక్కడ గీకిన సంఖ్యలను అసలు ముద్రణ ఫొటోలతో పోల్చండి. దొంగ ముద్రణల్లో అట్ట అచ్చుగుద్దినట్టు ఉన్నా, ఈ గీతలు చాలాసార్లు వేరుగా ఉంటాయి. అచ్చుతప్పులూ సాక్ష్యాలే. 1982 నాటి ‘మెటల్ మాసకర్’ అనే సంకలనం తొలి ముద్రణ మీద మెటాలికా పేరులో ‘టి’ ఒకటి ఎక్కువ పడింది. తర్వాతి ముద్రణల్లో ఆ బ్యాండు పాట రికార్డింగే మార్చేశారు. తప్పు ఉన్న ప్రతికే విలువ ఎక్కువని తెలిసిన రోజు నా వృత్తి మీద నాకే అనుమానం వచ్చింది.

అయితే అసలు ముద్రణే కావాలని పట్టుబట్టకండి. ది ఫిక్స్ అనే బ్యాండు తొలి చిన్న రికార్డు 1981లో 200 ప్రతులే వేశారు. దాని పాటలు వినడానికి ఆ 200లో ఒకటి మీ చేతిలో ఉండనక్కర్లేదు. పునర్ముద్రణ చాలు.

వేగం సరిచూసుకోండి. ఏడంగుళాల రికార్డు కదా అని నేను ఒకదాన్ని నిమిషానికి 45 చుట్ల వేగంలో పెట్టి, ఇంత వేగంగా వాయించేవాళ్లు లోకంలో లేరని నెల రోజులు చాటింపు వేశాను. గాయకుడి గొంతు ఉడుత గొంతులా ఉందని కూడా నాకు తట్టలేదు. అది 33లో తిరగాల్సిన రికార్డు. ఆ సంగతి లేబుల్ మీదే రాసి ఉంది, చిన్న అక్షరాల్లో.

రికార్డు దాకా రాని బ్యాండ్లకు డెమో క్యాసెట్లే (నమూనాగా రికార్డు చేసి పంచుకున్న క్యాసెట్లు) దిక్కు. సీజ్ అనే బ్యాండు పేరు నిలిచింది ప్రధానంగా 1984 నాటి డెమోతోనే. పాత క్యాసెట్ దుప్పటి కప్పుకుని పాడినట్టు మూగగా వినబడితే టేపును నిందించకండి. ప్లేయర్‌లో టేపును చదివే హెడ్ పక్కన సన్నని స్క్రూ ఒకటి ఉంటుంది. రెండు చానెళ్లనూ కలిపి మోనోలో వింటూ, దాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. డ్రమ్ముల పక్కన మోగే ఇత్తడి తాళాల చప్పుడు ఎక్కడ పదునెక్కుతుందో అక్కడ ఆపి, కంప్యూటర్‌లోకి ఎక్కించండి. పని కాగానే స్క్రూను మళ్లీ మామూలు క్యాసెట్‌కు సరిపడేలా తిప్పండి. నేను అది మరిచిపోయి, నా దగ్గరున్న మిగతా క్యాసెట్లన్నీ పాడైపోయాయని మూడు నెలలు ఏడ్చాను.