గులాబీ రాయి కుంజైటేనా? ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలి?

నెల్లూరులో నగల దుకాణంవారు చూపించిన ఉంగరపు రాయి కావచ్చు, సైదాపురం అభ్రకం గనుల వైపు నుంచి ఎవరో తెచ్చిన ముక్క కావచ్చు. ‘ఇది కుంజైట్’ అన్నంత మాత్రాన రంగు చూసి నమ్మేయకండి. ఆ గనుల శిలల్లో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ కొల్లలు. కుంజైట్ అరుదైనది. లిథియం ఉండే స్పోడుమీన్ ఖనిజంలో అదొక రకం. మాంగనీసు వల్ల దానికి గులాబీ రంగు వస్తుంది. 1902లో కాలిఫోర్నియాలో బయటపడింది.

ముందుగా, గీకి చూడవద్దు. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో దీని కాఠిన్యం 6.5 నుంచి 7. గాజు మీద గీత పడుతుంది, నిజమే. క్వార్ట్జ్‌తో గీసినా పడుతుంది, కాబట్టి తేలేదేమీ లేదు. పైగా ఈ రాయి రెండు దిశల్లో ఇట్టే చీలిపోతుంది.

నమ్మదగినది నీటి తూకం. గ్రాములో నూరో వంతు చూపే చిన్న డిజిటల్ కాటా చాలు. పొదిగిన రాయికి ఇది పనికిరాదు, విడి రాయే కావాలి. పొడి రాయిని తూచి రాసుకోండి. తర్వాత కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నాకు తెచ్చుకోండి. సన్నని దారంతో రాయిని కట్టి, అడుగుకూ అంచులకూ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. అప్పుడు కనిపించే అంకెతో మొదటి బరువును భాగించండి. 6.36 గ్రాముల రాయికి కాటా 2.00 చూపితే ఫలితం, అంటే రాయి సాంద్రత, 3.18. అది కుంజైట్ లెక్క. క్వార్ట్జ్ అయితే 2.65 దగ్గర, మోర్గనైట్ అనే మరో గులాబీ రత్నం అయితే 2.7, 2.9 మధ్య ఆగుతుంది. రాయికి గాలి బుడగలు అంటుకుంటే లెక్క తగ్గిపోతుంది. నీళ్లలో ఒక చుక్క సబ్బునీరు కలిపితే ఆ బెడద తీరుతుంది.

నకిలీ రాయిగా వాడే గాజు సాంద్రత తయారీని బట్టి మారుతుంది కాబట్టి తూకం ఒక్కటే చాలదు. తెల్ల కాగితం మీద రాయిని నెమ్మదిగా తిప్పండి. కుంజైట్ ఒక వైపు నుంచి చిక్కని గులాబీగానో ఊదాగానో, మరో వైపు నుంచి దాదాపు రంగు లేనట్టుగానో కనిపిస్తుంది. గాజు ఎటు తిప్పినా ఒకటే రంగు.

రెండూ కుదిరినా, పెద్ద మొత్తం పెట్టే ముందు రత్న పరీక్షశాలలో వక్రీభవన గుణకం (రాయిలోకి వెళ్లిన కాంతి ఎంత వంగుతుందో చెప్పే అంకె) చూపించుకోండి. 1.66, 1.68 మధ్య రావాలి.

కడిగాక మాత్రం ఎండలో ఆరబెట్టకండి. ఎక్కువసేపు ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది. మెత్తని గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టండి.