శోభి మచ్చలకు కారణమైన ఈస్ట్‌ను గుర్తించడం ఎలా?

ఛాతీ, వీపు, మెడ, భుజాల మీద తెలుపుగానో గోధుమరంగుగానో సన్నని పొట్టుతో వచ్చే మచ్చలను శోభి అంటాం, కొన్నిచోట్ల సిబ్బెం అంటారు. కారణం మలసీజియా అనే ఈస్ట్ (ఒంటి కణపు శిలీంధ్రం). ఇది బయటినుంచి అంటుకునేది కాదు. నూనె ఊరే చర్మం మీద దాదాపు ప్రతి మనిషికీ ఉండేదే. వేడి, చెమట, జిడ్డు తోడైనప్పుడు గుండ్రటి ఈస్ట్ రూపం నుంచి పోగుల రూపంలోకి మారుతుంది, అప్పుడే మచ్చ పడుతుంది. అందుకే ఒక మాట ముందే గట్టిగా పట్టుకోవాలి: జబ్బు ఉందో లేదో చెప్పేది స్లైడు (గీకిన పొట్టును మైక్రోస్కోపులో చూడటం), ఈస్ట్ జాతి పేరు చెప్పేది కల్చర్ (ల్యాబ్‌లో ప్లేటు మీద పెంచడం). ఆరోగ్యవంతుల చర్మం నుంచి కూడా కల్చర్ పెరుగుతుంది కాబట్టి, రిపోర్టులో ‘కల్చర్ పాజిటివ్’ అని మాత్రమే రాస్తే అది రోగనిర్ధారణ కాదు.

ముందు మచ్చను చూడండి. గోటితో మెల్లగా గీకితే, లేదా చర్మాన్ని రెండు వేళ్లతో సాగదీస్తే, కనిపించని పొట్టు తేలుతుంది. వుడ్స్ దీపం (అతినీలలోహిత కాంతి ఇచ్చే దీపం) కింద కొందరి మచ్చలు పసుపు–బంగారు రంగులో మెరుస్తాయి. చాలామందిలో మెరవవు, కాబట్టి మెరవలేదని శోభి కాదనకండి. బొల్లిలో పొట్టు ఉండదు. మచ్చ మీద స్పర్శ తగ్గితే కుష్ఠు అనుమానించి వెంటనే డాక్టరుకు చూపించాలి.

<b>నమూనా, స్లైడు</b>

మచ్చను 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. పౌడరు, ఆయింట్‌మెంటు జాడ మిగిలితే స్లైడు మీద మురికి తప్ప ఏమీ కనిపించదు. 15 నంబరు బ్లేడు మొండి వైపుతో మచ్చ అంచునుంచి పొట్టు గీకండి. రక్తం రాకూడదు. చిన్నపిల్లలకు బ్లేడు వద్దు, పారదర్శకమైన సెల్లోటేపును మచ్చకు అదిమి లాగి, స్లైడు మీద ఒక చుక్క మిథిలీన్ బ్లూ (నీలి రంగు) వేసి దాని మీద అంటించండి.

గీకిన పొట్టు మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ (100 మిల్లీలీటర్లకు 10 గ్రాములు) ఒక చుక్క వేసి, కవర్‌స్లిప్ పెట్టి, 10–15 నిమిషాలు ఆగండి. ద్రావణం చర్మాన్ని కాలుస్తుంది, గ్లవ్స్ తప్పనిసరి. తొందరపడి మంట మీద మరిగిస్తే స్ఫటికాలు ఏర్పడి స్లైడులో ఏదీ సరిగా కనిపించదు, గోరువెచ్చగా చేస్తే చాలు. నీలి–నలుపు పార్కర్ సిరా కొద్దిగా కలిపితే ఈస్ట్ రంగు పట్టి చక్కగా కనిపిస్తుంది.

మైక్రోస్కోపు 40 రెట్ల లెన్సులో చూడండి. గుత్తులుగా గుండ్రటి కణాలు, వాటి మధ్య పొట్టిగా, కొంచెం వంగిన పోగుల ముక్కలు. ఇంగ్లిష్ పుస్తకాలు స్పగెట్టి, మీట్‌బాల్స్ అంటాయి. మనకు సేమియా–సగ్గుబియ్యం పాయసం అంటే సరిగ్గా సరిపోతుంది. సగ్గుబియ్యం మాత్రమే ఉండి సేమియా లేకపోతే అది మామూలు చర్మపు ఈస్ట్ కావచ్చు. కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది కొవ్వు బిందువులు, గాలి బుడగల దగ్గర. అవి ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటాయి, వాటికి ఈస్ట్ కణానికి ఉన్నట్టు మొగ్గ (పక్కన పుట్టే పిల్ల కణం) ఉండదు.

<b>కల్చర్</b>

మలసీజియా కొవ్వు ఆమ్లాలను తానే తయారుచేసుకోలేదు. కొవ్వు లేని మామూలు సబురో అగర్ (శిలీంధ్రాలను పెంచే జెల్లీ) మీద వేసి ‘పెరగలేదు’ అనడం అందరూ చేసే తప్పు. మార్పు చేసిన డిక్సన్ అగర్ వాడండి. లీటరుకు మాల్ట్ సారం 36 గ్రాములు, పెప్టోన్ 6, ఎండిన ఎద్దు పైత్యరసం 20, అగర్ 12 గ్రాములు, ట్వీన్–40 (కొవ్వు ఆమ్లం ఉన్న సబ్బులాంటి పదార్థం) 10 మిల్లీలీటర్లు, గ్లిసరాల్ 2, ఒలీయిక్ ఆమ్లం 2 మిల్లీలీటర్లు, పీహెచ్ 6. కొవ్వు పైకి తేలుతుంది కాబట్టి ప్లేట్లలో పోసేటప్పుడు ఫ్లాస్కును తిప్పుతూ ఉండాలి. బ్యాక్టీరియాను ఆపడానికి క్లోరాంఫెనికాల్, ఇతర బూజులను ఆపడానికి సైక్లోహెక్సిమైడ్ కలుపుతారు. సబురో మాత్రమే దొరికితే పైన ఆలివ్ నూనె పూయొచ్చు గానీ, కొన్ని జాతులు దానిమీద సరిగా రావు.

32 డిగ్రీల దగ్గర, ప్లేటు ఎండకుండా తేమ ఉంచి, రెండు వారాలు చూడండి. వారానికే పారేస్తే నెమ్మదిగా పెరిగేవి దొరకవు. నమూనాను గానీ ప్లేటును గానీ ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి ఈస్ట్ చచ్చిపోతుంది.

<b>జాతిని తేల్చడం</b>

ఒకే మచ్చలో రెండు జాతులు ఉండొచ్చు. ఒక్క కాలనీని మళ్లీ పెంచి శుద్ధిచేసుకున్నాకే పరీక్షలు మొదలెట్టండి.

కొవ్వు లేని సబురో మీద పెరిగితే అది ఎం. పాకిడెర్మాటిస్ (ఎం. అంటే మలసీజియా). ఇది ఎక్కువగా కుక్కల చెవుల్లో ఉండేది. పెరగకపోతే కెటలేజ్ (హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడగొట్టి నురగ తెప్పించే ఎంజైము) చూడాలి. కాలనీ మీద 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే నురగ రాకపోవడం ఎం. రెస్ట్రిక్టా లక్షణం. కాలనీని నిక్రోమ్ తీగతో తీస్తే ఆ తీగే నురగ తెప్పిస్తుంది, పుల్లతో తీయండి.

తర్వాత ఈస్ట్ కలిపిన సబురో ప్లేటులో చిన్న గుంటలు తీసి ట్వీన్ 20, 40, 60, 80 వేరువేరుగా వేయండి. నాలుగింటి చుట్టూ పెరిగేది ఎం. ఫర్‌ఫర్. 20 దగ్గర వెనకాడి మిగతా మూడింటి దగ్గర పెరిగేది ఎం. సింపోడియాలిస్. 80 దగ్గర వెనకాడేది ఎం. స్లూఫియే. ఏ ట్వీనుకూ సరిగా పెరగక, కెటలేజ్ ఉంటే ఎం. గ్లోబోసా లేదా ఎం. ఆబ్ట్యూసా. ఎస్క్యులిన్ అనే పదార్థం కలిపిన అగర్‌ను నల్లబరిచేది ఆబ్ట్యూసా, దాని కణాలు పొడవాటి స్తంభాల్లా ఉంటాయి. గ్లోబోసా కణాలు బంతుల్లా గుండ్రం, మొగ్గ సన్నని మెడతో పుడుతుంది, కాలనీ గరుకుగా ఉంటుంది. శోభి నుంచి చాలా దేశాల్లో ఎక్కువగా దొరికింది గ్లోబోసాయే.

పైన చెప్పిన ఏడు జాతుల వర్గీకరణ 1996 నాటిది. ఆ తర్వాత కొత్త జాతులు వరసగా చేరాయి, వాటిలో కొన్ని ఈ పరీక్షలకు లొంగవు. ఫలితాలు పొంతన కుదరకపోతే ముందు శుద్ధి అనుమానించండి, తర్వాతే మాల్డీ–టాఫ్‌కో (ప్రొటీన్లను బట్టి జాతిని గుర్తించే యంత్రం) డీఎన్‌ఏ వరస చదివించడానికో పంపండి.

చికిత్స నిర్ణయించడానికి చాలాసార్లు స్లైడు చాలు. మందు అయ్యాక కూడా తెల్లమచ్చ నెలల తరబడి ఉండటం మామూలే, రంగు నెమ్మదిగా తిరిగి వస్తుంది. మళ్లీ గీకి చూడండి, పొట్టూ పోగులూ లేకపోతే ఆ మచ్చకు ఇక యాంటీఫంగల్ మందు అక్కర్లేదు.