గ్రాంటు డబ్బుతో రిటెన్షన్ బోనస్ ఇచ్చారు, ఇప్పుడు కాగితాలు అడుగుతున్నారా?

అమెరికాలో డేకేరో, హోమ్ కేర్ ఏజెన్సీయో, చిన్న నాన్‌ప్రాఫిటో నడిపేవాళ్లకు ఈ తలనొప్పి తెలిసిందే. ఉన్నవాళ్లు మానేయకుండా ఉండటానికి ప్రభుత్వం నుంచి గ్రాంటు వస్తుంది, బోనస్‌లు పంచేస్తారు, అంతా బాగానే ఉంటుంది. ఏడాది తిరిగాక "సపోర్టింగ్ డాక్యుమెంట్లు పంపండి" అని మెయిల్ వస్తుంది, అక్కడ మొదలవుతుంది టెన్షన్. చిన్న సంస్థలకు లెక్కలు రాసే పనిలో నాకు తరచూ తగిలేవి ఇవి.

సమస్య: చెక్కులన్నీ చూపించాం, అయినా ఒప్పుకోవట్లేదు

కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే. డబ్బు ఇచ్చినట్టు రుజువుంది, ఎందుకిస్తున్నారో ముందే రాసిపెట్టిన కాగితం లేదు. ఫెడరల్ గ్రాంటు ఖర్చుల రూల్స్ 2 సీఎఫ్‌ఆర్ 200 (ఫెడరల్ నిబంధనల పుస్తకంలో ఒక భాగం)లో ఉంటాయి, అందులో జీతాల సంగతి 200.430 సెక్షన్. ఇలాంటి ప్రోత్సాహక చెల్లింపు చెల్లాలంటే మొత్తం జీతం సబబుగా ఉండాలి, పైగా ఉద్యోగి ఆ పని చేయకముందే ఒప్పందం కుదిరి ఉండాలి, లేదా మీరు ఎప్పట్నుంచో తప్పకుండా పాటిస్తున్న పద్ధతైనా అయి ఉండాలి. "ఆర్నెల్లు నిలబడ్డారు కదా, పాపం ఏదో ఒకటి ఇద్దాం" అని ఆఖర్లో అనుకుని ఇస్తే అది రిటెన్షన్ కాదు, థాంక్యూ.

పరిష్కారం ఒక్క పేజీ ఉత్తరం. "జూన్ 30 దాకా వారానికి కనీసం 30 గంటలు పనిచేస్తే ఆ తర్వాతి పేరోల్‌లో, పన్నులు కోయకముందు లెక్కన, 1,000 డాలర్లు ఇస్తాం, మధ్యలో మానేస్తే రాదు, ఈ డబ్బు ఫలానా గ్రాంటుది" అని రాసి ఇద్దరూ సంతకం చేసి తేదీ వేయండి. దాని వెనకే గడువు తేదీ దాకా ఆ మనిషి పనిలో ఉన్నట్టు చూపించే టైమ్‌షీట్లు, పే స్టబ్ (జీతం చీటీ), బ్యాంకు నుంచి డబ్బు వెళ్లిన లైను, ఈ వరసలో పెడితే చూసేవాళ్లకు ప్రశ్న అడిగే పనే ఉండదు.

ఉత్తరం రాయలేదు, డబ్బు ఇచ్చేశారు, అప్పుడేంటి? పాత తేదీ మాత్రం వేయకండి. నేను చూసిన ఒక ఫైల్లో తొమ్మిది ఉత్తరాలు ఒకే పెన్నుతో, ఒకే రోజు తేదీతో ఉన్నాయి, కానీ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ప్రింట్ తీసిన తేదీ పడింది, అది సంతకం తేదీకి ఎనిమిది నెలల తర్వాతది! అప్పటిదాకా అది కాగితం లేని కేసు, ఆ తర్వాత అబద్ధం కాగితం కేసు. దానికంటే ఇవాళ్టి తేదీతోనే జరిగింది జరిగినట్టు మెమో రాసి, అప్పట్లో స్టాఫ్‌కి పంపిన మెయిలో, వాట్సాప్ మెసేజో, మీటింగ్ నోట్సో ఏది దొరికితే అది జతచేసి, గ్రాంటు ఆఫీసునే అడగండి. ఒప్పుకుంటారన్న గ్యారంటీ లేదు, కానీ మీ మాట మీద నమ్మకమైనా పోదు.

సమస్య: బోనస్ జెల్ (Zelle, బ్యాంకు యాప్‌లోంచి డబ్బు పంపే పద్ధతి)లో పంపాం, డబ్ల్యూ-2 (ఉద్యోగి ఏడాది జీతం, పన్నులు చూపే ఫారం)లో కనిపించట్లేదు

"ప్రభుత్వం ఇచ్చిన డబ్బే కదా, దానికి మళ్లీ పన్నేంటి" అనుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. డబ్బు ఎక్కడి నుంచి వచ్చినా ఉద్యోగి చేతికి వెళ్లేటప్పటికి అది జీతమే. పేరోల్‌లోంచే వెళ్లాలి. బోనస్‌ను విడిగా చూపిస్తే ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ 22 శాతం చొప్పున పట్టుకోవచ్చు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి మీ వంతు 7.65 శాతం, అంటే వెయ్యికి 76.50 డాలర్లు. ఈ ముక్క బడ్జెట్‌లో వేయడం చాలామంది మర్చిపోతారు. దాన్ని గ్రాంటులో చూపించొచ్చో లేదో మీ ఒప్పందంలో చూసుకోండి. ఇప్పటికే బయటినుంచి ఇచ్చేసి ఉంటే 941-ఎక్స్ (పేరోల్ పన్ను రిటర్ను సవరణ), డబ్ల్యూ-2సీ (డబ్ల్యూ-2 సవరణ) దాఖలు చేసి సరిదిద్దుకోవాలి. 1099 (ఉద్యోగి కాని కాంట్రాక్టర్లకిచ్చే ఫారం) ఇచ్చేసి చేతులు దులుపుకుంటే కుదరదు.

సమస్య: ఓవర్‌టైమ్ తక్కువ ఇచ్చారని ఉద్యోగి అడుగుతోంది

నిజంగానే తక్కువ ఇచ్చి ఉంటారు. ముందే మాటిచ్చిన బోనస్‌ను ఓవర్‌టైమ్ లెక్కించే గంట రేటులో కలపాలి. 13 వారాలకు 520 డాలర్లనుకోండి, వారానికి 40 పడింది. ఆమె 45 గంటలు చేసిన వారంలో 40ని 45తో భాగిస్తే గంటకు సుమారు 89 సెంట్లు, అసలు రేటు బోనస్‌లోనే అందింది కాబట్టి అందులో సగం చొప్పున అదనపు 5 గంటలకు 2.22 డాలర్లు బాకీ. చిన్న మొత్తమే, కానీ ఎగ్గొట్టారని అనిపించుకోవడానికి చాలు. పేరోల్ సాఫ్ట్‌వేర్ ఇది దానంతటదే చేస్తుందని నమ్మకండి, బోనస్ టైపు ఎలా సెట్ చేశారో ఒకసారి తెరిచి చూడండి.

సమస్య: గ్రాంటు రిపోర్టులో ఒక అంకె, క్విక్‌బుక్స్ (లెక్కల సాఫ్ట్‌వేర్)లో ఇంకో అంకె

బోనస్‌ను మామూలు జీతంలో కలిపేశారు. పేరోల్‌లో దానికి విడిగా పే కోడ్, లెక్కల్లో గ్రాంటుకొక క్లాస్ (ఖర్చులను విడగొట్టే గుర్తు) పెడితే తీరిపోతుంది. ఒకే చెల్లింపు రెండు గ్రాంట్లలో పడిందేమో కూడా అప్పుడే తేలుతుంది. అన్నట్టు, కోవిడ్ కాలం నాటి ఎంప్లాయీ రిటెన్షన్ క్రెడిట్‌ను దీనితో కలిపేయకండి, అది 2020 చట్టంతో వచ్చిన పన్ను రాయితీ, గ్రాంటు కాదు.

సమస్య: పాత పే స్టబ్‌లు దొరకట్లేదు

పేరోల్ కంపెనీ మార్చారు, పాత లాగిన్ మూతపడింది. గ్రాంటు రికార్డులు మామూలుగా చివరి ఫైనాన్షియల్ రిపోర్టు పంపిన రోజు నుంచి మూడేళ్లు ఉంచాలి (డబ్బు ఇచ్చిన రోజు నుంచి కాదు), పేరోల్ పన్నులవి కనీసం నాలుగేళ్లు, మధ్యలో ఆడిట్ మొదలైతే అది తేలేదాకా. పాత కంపెనీకి ఫోన్ చేసి పేరోల్ రిజిస్టర్ల పీడీఎఫ్‌లు అడగండి, ఈసారి మారేటప్పుడు మాత్రం లాగిన్ ఉండగానే దించుకోండి.