పెన్సిలు, కాగితం, జోర్క్: 1980 నాటి టెక్స్ట్ అడ్వెంచర్‌ను ఇప్పుడు ఆడటం ఎలా?

నల్లటి తెర మీద రెండు వాక్యాలు. ఒక తెల్లటి ఇంటికి పడమటి వైపు ఖాళీ స్థలంలో మీరు నిలబడి ఉన్నారు, ఇంటి ముందు తలుపుకు పలకలు కొట్టేసి ఉన్నాయి. పక్కనే చిన్న ఉత్తరాల పెట్టె ఉంది. కింద ఒక బాణం గుర్తు, మీరేం టైపు చేస్తారా అని ఎదురుచూసే కర్సర్. జోర్క్ మొదలయ్యేది ఇలా. బొమ్మ ఒక్కటి కూడా ఉండదు. వర్ణన చదివి, ఆదేశం టైపు చేసి ఆడాలి. ఇలాంటి ఆటలనే టెక్స్ట్ అడ్వెంచర్లు అంటారు.

ఇప్పుడు దీన్ని తెరిచినవాళ్లలో చాలామంది పది నిమిషాలకే విసిగిపోయి మూసేస్తారు. వాళ్లు ఆడేది సగం ఆటే. మిగతా సగం కాగితం మీద జరుగుతుంది. కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే ఈ ఆట ఇప్పటికీ వారాల తరబడి వదలదు.

కాస్త పూర్వాపరాలు తెలిస్తే ఆట ఎందుకలా ప్రవర్తిస్తుందో అర్థమవుతుంది. విల్ క్రౌథర్ అమెరికాలోని కెంటకీలో ఉన్న మామత్ గుహల్లో తిరిగిన అనుభవంతో ‘అడ్వెంచర్’ అనే ఆట రాశాడు. స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ 1977లో దాన్ని పెంచాడు. ఆ ఆట పూర్తి చేసిన ఊపులో అదే ఏడాది ఎంఐటీలో టిమ్ ఆండర్సన్, మార్క్ బ్లాంక్, బ్రూస్ డేనియల్స్, డేవ్ లెబ్లింగ్ కలిసి పీడీపీ-10 కంప్యూటర్ మీద జోర్క్ మొదలుపెట్టారు. 1979లో ఇన్ఫోకామ్ సంస్థ పుట్టింది. అంత పెద్ద ఆట అప్పటి ఇంటి కంప్యూటర్లలో పట్టదు కాబట్టి మూడు ముక్కలు చేశారు. మొదటి ముక్క, జోర్క్ 1, 1980లో వచ్చింది. ఆపిల్‌కు ఒకసారి, టీఆర్‌ఎస్-80కి ఇంకోసారి అంటూ ఆటను తిరగరాయకుండా, జెడ్-మెషీన్ అనే ఊహా కంప్యూటర్‌ను తయారుచేసి దాని కోసమే ఆట రాశారు. ఏ యంత్రానికైనా ఆ ఊహా కంప్యూటర్‌ను నడిపే చిన్న ప్రోగ్రాం ఉంటే చాలు, ఆట నడుస్తుంది. నలభై ఏళ్లు దాటాక మన ఫోన్లలో కూడా అదే ఫైలు నడవటం ఆ నిర్ణయం పుణ్యమే.

కావలసినవి

ఆట ఫైలు, దాన్ని నడిపే ప్రోగ్రాం (దీన్ని ఇంటర్‌ప్రెటర్ అంటారు), రెండు ఏ3 కాగితాలు, పెన్సిలు, రబ్బరు, గళ్ల నోటుబుక్కు. పెన్ను వద్దు. మ్యాపు తప్పు గీయకుండా ఎవరూ ఆడలేరు.

జోర్క్ మూడు భాగాల సోర్స్ కోడ్‌ను మైక్రోసాఫ్ట్ 2025 నవంబరులో ఎంఐటీ లైసెన్స్ కింద విడుదల చేసింది. ప్రోగ్రాంల కోడ్ ఉంచే గిట్‌హబ్ సైటులో జోర్క్ 1 కోడ్ ఉన్న చోటే ‘కంపైల్డ్’ అనే ఫోల్డర్‌లో జెడ్3 ఎక్స్‌టెన్షన్‌తో సిద్ధంగా ఉన్న ఆట ఫైలు దొరుకుతుంది. మీకు కావలసింది అదొక్కటే. పాత డాస్ డిస్కు నుంచి తీసిన కాపీ ఉంటే డీఏటీ ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైలు చూడండి, అదీ పనిచేస్తుంది.

ఇంటర్‌ప్రెటర్‌కు ఫ్రాట్జ్ వాడండి. ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్‌లలో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫ్రాట్జ్’ అనే ఆదేశంతో వచ్చేస్తుంది. విండోస్‌కు విండోస్ ఫ్రాట్జ్ అని విడిగా ఉంది. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా ఆడాలంటే పార్చ్‌మెంట్ అనే వెబ్ ఇంటర్‌ప్రెటర్ ఉంది, అది మీ బ్రౌజర్‌లోనే ఆటను నడుపుతుంది. కానీ అందులో సేవ్‌లు బ్రౌజర్‌లోనే ఉంటాయి, బ్రౌజర్ డేటా చెరిపేస్తే అవీ పోతాయి. ఫోన్‌లో ఆడేవారు కీబోర్డులో ఆటోకరెక్ట్ ఆపేయండి. లేకపోతే మీరు కొట్టిన పదాన్ని అది మార్చేస్తుంది, ఆట అర్థం కాలేదంటుంది, తప్పు ఎక్కడుందో తెలియక మీరు తల పట్టుకుంటారు.

కింద ఆదేశాలను తెలుగు లిపిలో ఉచ్చారణ ప్రకారం ఇస్తున్నాం. ఆటలో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చేయాలి. చిన్నవైనా పెద్దవైనా ఫర్వాలేదు.

మొట్టమొదట కొట్టాల్సినవి రెండు

‘వెర్బోస్’ అని కొట్టండి. ఇది లేకపోతే రెండోసారి వెళ్లిన గదికి పేరు తప్ప వర్ణన కనిపించదు. ఆధారాలన్నీ వర్ణనలోనే ఉంటాయి. తర్వాత ‘స్క్రిప్ట్’ అని కొట్టి ఫైలు పేరు ఇవ్వండి. అక్కడి నుంచి తెర మీద జరిగిందంతా ఆ ఫైలులోకి ఎక్కుతుంది. రెండు రోజుల తర్వాత “ఆ గోడ మీద ఏదో రాసి ఉందే” అని గుర్తొచ్చినప్పుడు వెతుక్కోవడానికి అదే దిక్కు.

మ్యాపు గీయడం

ఏ3 కాగితాన్ని అడ్డంగా పరిచి మధ్యలో ఒక చిన్న డబ్బా గీయండి. రెండు సెంటీమీటర్ల వెడల్పు చాలు. అందులో ‘వెస్ట్ ఆఫ్ హౌస్’ అని రాయండి. పైకి ఉత్తరం. ప్రతి గదికీ ఒక డబ్బా, ప్రతి దారికీ ఒక గీత. ఇల్లంతా గీశాక భూగర్భానికి రెండో కాగితం తీసుకోండి, ఎందుకంటే కిందిది పైదానికంటే చాలా పెద్దది.

దిక్కులకు ఒక్కో అక్షరం చాలు: ఎన్, ఎస్, ఈ, డబ్ల్యూ. మూలలకు రెండు అక్షరాలు. ఎన్‌ఈ ఈశాన్యం, ఎస్‌ఈ ఆగ్నేయం, ఎస్‌డబ్ల్యూ నైరుతి, ఎన్‌డబ్ల్యూ వాయువ్యం. వాస్తు మాటలు వింటూ పెరిగిన మనకు ఈ నాలుగూ ఇట్టే పట్టుబడతాయి. పైకి యూ, కిందికి డీ. కుడి, ఎడమలు ఈ ఆటలో లేవు. మీరు ఎటు తిరిగి ఉన్నారనేది ఆట పట్టించుకోదు.

ఎక్కువమంది దెబ్బతినే చోటు మొదటి గదిలోనే ఉంది. ఇంటి పడమటి వైపు నుంచి ఎన్ కొడితే ‘నార్త్ ఆఫ్ హౌస్’కు వెళతారు. అక్కడి నుంచి వెనక్కి రావడానికి ఎస్ కొడితే రారు, కిటికీలకు పలకలు కొట్టేసి ఉన్నాయని ఆట చెబుతుంది. తిరిగి రావాలంటే డబ్ల్యూ కొట్టాలి. ఇంటి మూల చుట్టి నడిచారు కాబట్టి దారి వంపు తిరిగింది. అందుకే గీతకు ఒక చివరే అక్షరం రాస్తే సరిపోదు. వెళ్లే చివర ఎన్, వచ్చే చివర డబ్ల్యూ, రెండూ రాయాలి. వెళ్లాక వెనక్కి వచ్చి చూడందే రెండో అక్షరం రాయకండి. అడవిలోనూ భూగర్భంలోనూ ఇలాంటి వంపులు చాలా ఉన్నాయి. ఊహించి గీసిన ఒక్క గీత వల్ల తర్వాత పది గదులు తప్పు చోట పడతాయి.

వర్ణనలో దారి ఉందని చెప్పి, మీరింకా వెళ్లని చోటుకు గీత చివర చిన్న సున్నా పెట్టండి. ఎక్కడ ఇరుక్కున్నా ముందు సున్నాలు వెతకండి. డబ్బా పక్కన ఆ గదిలో వదిలిన వస్తువులు రాసి, తీసుకున్నాక కొట్టేయండి. ట్రిజ్‌బోర్ట్ అనే మ్యాపు ప్రోగ్రాం కూడా ఉంది, చక్కగానే పనిచేస్తుంది. మొదటి ఆటకు మాత్రం కాగితమే మేలు. చేత్తో గీసిన గది గుర్తుండిపోతుంది.

మొదటి ప్రయాణం, 45 పాయింట్లు

మొత్తం 350 పాయింట్ల ఆట ఇది. దొరికిన నిధులను తెచ్చి ఇంట్లోని బీరువాలో చేర్చడమే ఇందులో పని. చేయి తిరగడానికి తొలి 45 ఎలా వస్తాయో చూడండి. ఆ తర్వాత పజిళ్లు మీవి.

1. ‘ఓపెన్ మెయిల్‌బాక్స్’, ‘రీడ్ లీఫ్‌లెట్’. కరపత్రం చదివాక ‘డ్రాప్ లీఫ్‌లెట్’ కొట్టి అక్కడే వదిలేయండి.
2. ఎస్, ఆపై ఈ. ఇంటి వెనక్కి వస్తారు. ‘ఓపెన్ విండో’, తర్వాత డబ్ల్యూ. వంటింట్లో అడుగుపెట్టగానే 10 పాయింట్లు.
3. మళ్లీ డబ్ల్యూ. ఇది హాలు. ‘టేక్ ల్యాంప్’. గోడ మీది కత్తిని ఈసారికి ముట్టుకోవద్దు, ఎందుకో 6వ అంచెలో తెలుస్తుంది. ‘ఓపెన్ కేస్’ కొట్టి ట్రోఫీల బీరువా తెరిచి ఉంచండి.
4. ‘మూవ్ రగ్’. తివాచీ కింద నేలలో తలుపు బయటపడుతుంది. ఇక్కడ ‘సేవ్’ చేయండి. తర్వాత ‘ఓపెన్ ట్రాప్ డోర్’, ‘టర్న్ ఆన్ ల్యాంప్’, డీ. నేలమాళిగలోకి దిగితే 25. పైన తలుపు దానంతట అదే మూసుకుపోయి, ఎవరో గడియ పెట్టిన చప్పుడు వినిపిస్తుంది. కంగారు పడకండి, వేరే దారి ఉంది.
5. ఎస్, ఈ. చిత్రాల గ్యాలరీ. ‘టేక్ పెయింటింగ్’, 4 పాయింట్లు.
6. ఎన్, ఆపై యూ. పొగగొట్టం గుండా వంటింట్లోకి చేరతారు. దీపం, దానితో పాటు ఇంకొక్క వస్తువు ఉంటేనే ఈ సందులో పడతారు. మూడోది ఉంటే ఎక్కనివ్వదు. కత్తి వద్దన్నది ఇందుకే.
7. డబ్ల్యూ, ‘పుట్ పెయింటింగ్ ఇన్ కేస్’. మరో 6. ‘టర్న్ ఆఫ్ ల్యాంప్’.

‘స్కోర్’ కొడితే 45 కనిపించాలి. గ్యాలరీ దగ్గర దొంగ ఎదురై చిత్రాన్ని లాక్కుపోతే సేవ్ చేసిన చోటి నుంచి మళ్లీ రండి. అతను భూగర్భమంతా తిరుగుతుంటాడు, ఏ ఆటలో ఎప్పుడు తగులుతాడో చెప్పలేం. బీరువాలో చేర్చిన నిధులను మాత్రం ముట్టడు.

దీపం ఆర్పడం మరిచిపోకండి. దాని బ్యాటరీ పరిమితం. వెలుతురున్న చోట వృథాగా వెలిగిస్తే ఆట చివర్లో అది కొడిగడుతుంది. దీపం లేకుండా చీకటి గదుల్లో కదిలితే గ్రూ అనే జీవి తినేస్తుంది.

ఆట ఇచ్చే జవాబును చదవడం

‘అడ్వెంచర్’కు రెండు మాటలు మించి అర్థం కావు. జోర్క్‌కు వాక్యం అర్థమవుతుంది. “దీపం తప్ప అన్నీ తీసుకో”, “ట్రోల్ అనే రాక్షసుణ్ణి కత్తితో కొట్టు” లాంటి వాక్యాలు ఇంగ్లిష్‌లో నేరుగా కొట్టొచ్చు. మధ్యలో చుక్క పెట్టి మూడు నాలుగు ఆదేశాలు ఒకేసారి ఇవ్వొచ్చు. పదంలో మొదటి 6 అక్షరాలే చూస్తుంది కాబట్టి పొడవాటి పదాలను అక్కడితో ఆపేసినా సరిపోతుంది. కొత్త ఆటల్లో ఎక్స్ కొడితే వస్తువును పరిశీలిస్తారు, ఇందులో మాత్రం ‘ఎగ్జామిన్’ అని పూర్తిగా కొట్టండి.

తప్పు కొట్టినప్పుడు వచ్చే సందేశాలు రెండు రకాలు, తేడా గమనించాలి. ఆ పదమే తెలియదు అంటే ఆ వస్తువు ఆట మొత్తంలో ఎక్కడా లేదు, లేదా ఆట దాన్ని ఇంకో పేరుతో పిలుస్తోంది. అలాంటిదేదీ ఇక్కడ కనిపించడం లేదు అంటే ఆ పదం ఆటకు తెలుసు. అది ఇంకెక్కడో ఉండే అవకాశం ఉంది. ఆ మాట నోటుబుక్కులో రాసుకోండి.

తెలుగులో ఇలాంటి ఆట రాయాలని ఉన్నవారికి అసలు చిక్కు ఇక్కడే. ఇంగ్లిష్‌లో క్రియ ముందొస్తుంది, వస్తువు పేరు మారదు. మనకు క్రియ చివర, పైగా దీపం, దీపాన్ని, దీపంతో, దీపంలో అన్నీ ఒకటేనని ప్రోగ్రాంకు నేర్పాలి. నిఘంటువు కంటే ముందు విభక్తులను విడదీసే భాగం రాసుకోవాలి. అంత పని వద్దనుకుంటే, టైపు చేయించకుండా లింకులు నొక్కించే ఆటలు తయారుచేసే ట్వైన్ అనే ప్రోగ్రాంతో మొదలుపెట్టొచ్చు. దాని ఫలితం మామూలు వెబ్ పేజీయే కాబట్టి తెలుగు అక్షరాలు సరిగానే కనిపిస్తాయి.

సేవ్‌లు

ఒకే పేరుతో మళ్లీ మళ్లీ సేవ్ చేయడం ఈ ఆటలో చేయగల అతి పెద్ద పొరపాటు. ఏదో పోగొట్టుకున్నారనీ ఇక గెలవలేరనీ ఆట చెప్పదు. వంద ఎత్తుల తర్వాత మీకే తెలుస్తుంది. ఉదాహరణకు అడవిలో ఒక చెట్టు మీద రత్నాలు పొదిగిన గుడ్డు దొరుకుతుంది. చెట్టు మీద ఉండగానే దాన్ని వదిలేస్తే కిందపడి పాడవుతుంది, బలవంతంగా తెరిచినా పాడవుతుంది. ఆట మాత్రం ఏమీ జరగనట్టే సాగుతుంది. అందుకని వరుస అంకె, చోటు పేరు కలిపి పెట్టండి: 01-రగ్, 02-గ్యాలరీ, ఇలా. చిన్న ఫైళ్లే, వంద ఉన్నా ఫర్వాలేదు.

ఆట మొదట్లో కనిపించే విడుదల అంకె, సీరియల్ నంబరు కాగితం మూలన రాసిపెట్టుకోండి. వేరే విడుదల ఫైలుతో పాత సేవ్ తెరుచుకోదు.

చిట్టడవి లాంటి దారులు

నేలమాళిగకు ఉత్తరాన ఉన్న ట్రోల్ గదిని దాటి పడమరకు వెళితే చిక్కుదారులు మొదలవుతాయి. పదిహేను గదులు, అన్నిటికీ ఒకటే వర్ణన. ఇక్కడ బొమ్మ గీస్తే పిచ్చి గీతలే మిగులుతాయి. గళ్ల నోటుబుక్కు తీయండి. అడ్డంగా పది గళ్లలో ఎనిమిది దిక్కులు, యూ, డీ. నిలువుగా గదులు. ప్రతి గదిలో ఒక్కో రకం వస్తువు పడేయండి, ఆ గదికి అదే పేరు. తర్వాత ఒక్కో దిక్కు కొట్టి ఎక్కడ తేలారో ఆ గడిలో రాయండి. వస్తువు లేని గది వస్తే కొత్త వరుస.

ఇందుకు పనికిమాలిన వస్తువులు ఎనిమిదో పదో ముందే పోగేసుకుని వెళ్లండి. నిధులు వాడొద్దు. ఆ దొంగ ఇక్కడికీ వచ్చి మీరు పడేసినవి ఏరుకుపోతాడు. “ఈ వస్తువు ఇక్కడేం చేస్తోందో” అని దూరం నుంచి ఒక గొంతు వినిపిస్తే, ఆ వస్తువు పేరుతో గుర్తుపెట్టుకున్న గది ఇక నమ్మదగ్గది కాదు. దాని పక్కన వెంటనే గుర్తు పెట్టి, చివరి సేవ్‌కు వెళ్లాలో లేదో అప్పుడే తేల్చుకోండి. దొంగతో తలపడటానికి తొందరపడకండి. మీ పోరాట బలం స్కోరును బట్టి పెరుగుతుంది. 45 పాయింట్లతో వెళ్లేవారు చాలాసార్లు చచ్చి తిరిగొస్తారు.

ఇరుక్కుపోతే

మ్యాపులో సున్నాలు చూడండి. చేతిలో ఉన్న ప్రతి వస్తువునూ పరిశీలించండి. గది వర్ణనలోని ప్రతి నామవాచకాన్నీ ముట్టుకుని, తెరిచి, నెట్టి చూడండి. రెండు మూడు రోజులు గడిచినా దారి దొరక్కపోతే సూచన చూడటంలో తప్పులేదు. అయితే పూర్తి పరిష్కారం జోలికి పోకండి. అప్పట్లో ఇన్ఫోకామ్ ఇన్విజిక్లూస్ అనే పుస్తకాలు అమ్మేది. ప్రత్యేకమైన పెన్నుతో రుద్దితేనే సిరా కనిపించేది, ఒక్కో ప్రశ్నకు సన్నటి సూచన నుంచి అసలు జవాబు దాకా వరుసగా ఉండేవి. ఇప్పుడు అవి వెబ్‌లో చదవడానికి దొరుకుతాయి. ఒక్క సూచన చదివి, మూసేసి, ఆటలోకి వెళ్లండి.

మొదటి ఆటగా జోర్క్ మరీ గట్టిగా అనిపిస్తే దాన్ని పక్కనపెట్టి ‘విష్‌బ్రింగర్’ తీయండి. 1985లో ఇన్ఫోకామ్ కొత్తవారి కోసమే తెచ్చిన ఆట అది, దాదాపు ప్రతి చిక్కుకూ ఒకటికి మించి దారులుంటాయి. గీసిన జోర్క్ మ్యాపును మాత్రం పారేయకండి. ఆరు నెలల తర్వాత ఆ సున్నాల దగ్గర నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు.