ట్యూబు మార్చినా మళ్ళీ గాలి దిగుతోందంటే

గుంటూరు నుంచి చేబ్రోలు, పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్ళే రోడ్డులో ఆదివారం పూట రోడ్డు సైకిళ్ళు తొక్కేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వానలు మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా వాళ్ళ దగ్గర్నుంచి వచ్చే ఫోన్లన్నీ ఒకటే రకం. "అన్నా, మొన్ననే కొత్త ట్యూబు వేశాను, మళ్ళీ గాలి దిగిపోయింది, ఈ ట్యూబులే నాసిరకమేమో." నేనడిగేదీ ఒకటే. పాత ట్యూబు తీసినప్పుడు టైరు లోపల తడిమి చూశావా? కాసేపు మాట ఉండదు, తర్వాత "లేదన్నా" అంటారు. ఎన్నేళ్ళుగా చెబుతున్నా ఇదే జరుగుతోంది కాబట్టి ఒకసారి మొత్తం రాసి పెడుతున్నాను. చక్రం విప్పడం, లివర్లతో టైరు తీయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

అన్నిటికంటే ముందు: చిల్లి ఎటువైపు ఉంది?

పంచరైన ట్యూబును చుట్టి జేబులో పెట్టేసుకుని కొత్తది ఎక్కించెయ్యకండి. అసలు సంగతి చెప్పేది ఆ పాత ట్యూబే. దానికి మామూలు కంటే రెట్టింపు లావు వచ్చేదాకా గాలి కొట్టి, పెదవుల దగ్గరో చెంప దగ్గరో పెట్టుకుని మెల్లగా తిప్పితే గాలి తగులుతుంది. తగలకపోతే సీసాలో నీళ్ళు కొంచెం కొంచెం పోస్తూ బుడగ కోసం చూడండి. చిల్లి రోడ్డు వైపు ఉంటే ఏదో గుచ్చుకుంది. రిమ్ము వైపు ఉంటే తప్పు రోడ్డుది కాదు, చక్రానిది. పక్కపక్కనే రెండు గాట్లు ఉంటే గాలి తక్కువైంది. వాల్వు మొదట్లో ఉంటే వాల్వుదే గొడవ. రెండు నిమిషాల పని, దీంతోనే సగం తేలిపోతుంది.

ఇంకో అలవాటు కూడా చేసుకోండి. టైరు ఎక్కించేటప్పుడు కంపెనీ పేరున్న చోటు సరిగ్గా వాల్వు దగ్గరకు వచ్చేలా పెట్టండి, ప్రతిసారీ. అందానికి కాదు. ట్యూబులో చిల్లి వాల్వుకు ఎంత దూరంలో ఉందో టైరులో గుచ్చుకున్నది కూడా అంతే దూరంలో ఉంటుంది. ఈ గుర్తు లేకపోతే టైరు చుట్టూ వెతుక్కోవాలి.

వెళ్తూ వెళ్తూ రెండు మూడు నిమిషాల్లో గాలి మొత్తం పోయింది

పల్లేరు కాయ, లేదా సర్కారు తుమ్మ ముల్లు. గుంటూరు నుంచి లాం మీదుగా అమరావతి వెళ్ళే మెట్ట రోడ్డు అంచుల్లో పల్లేరు, కాలువ కట్టల మీద తుమ్మ. కోతలయ్యాక రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, దాని అంచున రాళ్ళు పేరుస్తారు. ఎదురుగా లారీ వస్తే మనం మట్టిలోకి దిగక తప్పదు, పల్లేరు తీగలు పాకేది అక్కడే. ఒక్కో కాయ ఐదు ముక్కలుగా విడిపోతుంది, ప్రతి ముక్కకూ గట్టి ముళ్ళుంటాయి, కాబట్టి ఒకటి దొరికిందని ఆగకుండా చక్రం మొత్తం తిప్పి చూడండి. ముల్లు పైన విరిగి మొన లోపల ఉండిపోతుంది, దాన్ని పిన్నీసుతో బయటికి తోయాలి. ఇది కంటికి కనిపించే శత్రువు, పెద్ద చిక్కు లేదు.

పక్కపక్కనే రెండు గాట్లు

కల్వర్టు అంచో, రైలు గేటో, ఊరి మొదట్లో వేసిన స్పీడ్ బ్రేకరో గట్టిగా తగిలి, టైరుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగింది. గాలి చాల్లేదు. డెబ్బై కిలోల మనిషికి 25 మిల్లీమీటర్ల వెడల్పు టైరులో 80 నుంచి 85 పీఎస్‌ఐ (పంపు మీటరు చూపించే గాలి ఒత్తిడి కొలత), 28 అయితే 65 నుంచి 75 దాకా మన రోడ్లకు సరిపోతుంది, టైరు మీద వేసిన హద్దు దాటకూడదు. సన్నటి ట్యూబులో గాలి దానంతటదే రోజూ కొంత తగ్గుతుంది. పోయిన ఆదివారం కొట్టిన గాలితో ఈ ఆదివారం బయల్దేరకండి.

మెల్లగా దిగుతుంది, ట్యూబు మారిస్తే ఒకటి రెండు రోజులు బాగుండి మళ్ళీ దిగుతుంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. నాలుగేళ్ళ కిందట నవంబరులో తెనాలి నుంచి భట్టిప్రోలు మీదుగా రేపల్లె వెళ్తున్నాను. ముందురోజు రాత్రి వాన పడింది. తెనాలి దాటిన కాసేపటికి వెనక చక్రం మెత్తబడింది. ట్యూబు తీశాను, టైరు లోపల వేలితో చుట్టూ తడిమాను, నిజంగానే తడిమాను, ఏమీ తగల్లేదు. కొత్త ట్యూబు వేశాను. అరగంట బాగానే వెళ్ళింది. భట్టిప్రోలులో, బుద్ధుని ధాతువుల పేటికలు బయటపడిన ఆ స్తూపం దగ్గర సైకిలు ఆపి, లోపలంతా చూసి తిరిగొచ్చేసరికి మళ్ళీ మెత్తగా ఉంది. మళ్ళీ తడిమాను, మళ్ళీ ఏమీ లేదు. తోడు వచ్చినతని ట్యూబు అడిగి వేసుకున్నాను. రేపల్లె చేరేలోపు అదీ దిగింది. సైకిలు ఆటోలో వేసుకుని తెనాలి వచ్చాను.

ఇంటికొచ్చి మూడు ట్యూబులూ నేల మీద, వాల్వులన్నీ ఒకే వరసలో ఉండేట్టు పరిచాను. మూడింటికీ వాల్వు నుంచి జానెడు దూరంలోనే సూది మొనంత చిల్లి. మూడు ట్యూబులు ఒకే చోట చెడిపోవు కదా. ఆ జానెడు దగ్గర టైరును లోపలిభాగం బయటికి వచ్చేలా తిరగేసి, రెండు బొటనవేళ్ళతో గట్టిగా వంచి, దీపం కింద పెడితే అప్పుడు మెరిసింది. వెంట్రుక కంటే కాస్త లావుగా, మూడు మిల్లీమీటర్లు కూడా లేని ఉక్కు తీగ.

అది లారీ టైరుది. లారీల రేడియల్ టైర్లలో రబ్బరు కింద ఉక్కు తీగల పొర ఉంటుంది. టైరు పేలినా, అరిగి చీలినా ఆ తీగలు తుంపులై రోడ్డు మీద పడతాయి. వచ్చేపోయే బళ్ళ చక్రాలు వాటిని అంచుకు నెడతాయి, మనం తొక్కేది ఆ అంచునే. రోడ్డు తడిగా ఉంటే ఇంకా ఇబ్బంది, తడి రబ్బరులోకి తీగైనా గాజుపెంకైనా సులువుగా దిగుతుంది. వానాకాలంలో పంచర్లు ఎక్కువయ్యేది ఇందుకే.

మరి వేలికి ఎందుకు తగల్లేదు? టైరులో గాలి ఉండి, మన బరువు పడి, రోడ్డుకు ఆనిన చోట రబ్బరు నొక్కుకున్నప్పుడు తీగ మొన లోపలికి పొడుచుకొస్తుంది. టైరు ఊడదీయగానే రబ్బరు మళ్ళీ తన మందానికి వచ్చేసి మొనను దాచేస్తుంది. అందుకే రాత్రంతా ఇంట్లో నిలబెట్టిన సైకిలుకు గాలి దిగకపోవచ్చు, తొక్కితేనే దిగుతుంది. పైగా గుచ్చుకున్న తీగే చిల్లిని సగం మూసి ఉంచుతుంది, అందుకని గాలి బుస్సున పోదు, మెల్లగా పోతుంది. నీళ్ళలో పెట్టినా ఎప్పటికో ఒక బుడగ. "ట్యూబు నాసిరకం" అని అందరూ అనుకునేది ఇక్కడే.

పరిష్కారం ఇలా. ట్యూబులో చిల్లి దొరికాక వాల్వు నుంచి దాని దూరం కొలవండి. ట్యూబు ఎటువైపు తిప్పి వేశారో గుర్తుండదు కాబట్టి టైరు మీద వాల్వు గుర్తుకు రెండు పక్కలా అంతే దూరంలో చాక్‌పీసుతో గీత పెట్టండి. ఇక వెతకాల్సింది ఆ రెండు చోట్లే. అక్కడ టైరును తిరగేసి వంచండి, తిన్నగా ఉంచి చూస్తే ఎప్పటికీ కనిపించదు. ఫోన్ లైటు ఏటవాలుగా వెయ్యండి. తర్వాత చిటికెడు దూది గానీ పాత నూలు చేతిరుమాలు గానీ తీసుకుని, వంచిన చోట మెల్లగా అటూ ఇటూ లాగండి. రెండు దిక్కులా లాగడం ముఖ్యం, తీగ ఏటవాలుగా దిగితే ఒక దిక్కునే పోగు పట్టుకుంటుంది. దూదిలో ఒక్క పోగు చిక్కి ఆగిందంటే అదే చోటు. వేలితో గట్టిగా రుద్దకండి, గాజుపెంకు అయితే తెగుతుంది.

లోపల దొరకకపోతే అదే చోట బయటివైపు చూడండి. వానలో తడిసిన తీగ తుప్పు పడుతుంది, రబ్బరు మీద ఆవగింజలో సగమంత ఎర్రటి చుక్క కనిపిస్తుంది. అక్కడ పిన్నీసుతో మెల్లగా కెలికితే గట్టిగా తగులుతుంది. తీయడానికి ట్వీజర్స్ ఉంటే మంచిది, లేకపోతే గోళ్ళు కత్తిరించుకునే నెయిల్ కట్టర్‌తో తెగకుండా వదులుగా పట్టి లాగొచ్చు, నేను చాలాసార్లు అలాగే తీశాను. ఎటు మొన పైకి ఉంటే అటే లాగాలి. తీశాక అదే చోట దూది మళ్ళీ ఒకసారి లాగండి, కొన్నిసార్లు పక్కనే రెండోది ఉంటుంది. ఇంత చిన్న రంధ్రానికి టైరు లోపల ఏమీ అతికించక్కర్లేదు.

తీశామని ఇంట్లో నిలబెట్టి తెల్లారి చూసుకోవడం చాలదు. పది కిలోమీటర్లు తొక్కి, దిగి, బొటనవేలితో నొక్కి చూడాలి. అప్పుడూ గట్టిగా ఉంటేనే పోయినట్టు.

చిల్లి రిమ్ము వైపు ఉంది

రిమ్ టేపు, అంటే పుల్లల (స్పోకుల) రంధ్రాలు ట్యూబుకు తగలకుండా రిమ్ము లోపల చుట్టే పట్టీ, పక్కకు జరిగింది, లేదా ఆ రంధ్రాల మీద లోపలికి కుంగింది. టేపు మార్చండి, రిమ్ము వెడల్పుకు సరిపోయేది తీసుకోండి. ఇన్సులేషన్ టేపుతో సర్దుకుంటే ఎండాకాలంలో దాని జిగురు కరిగి జారిపోతుంది. రెండుసార్లు వరసగా రిమ్ము వైపే చిల్లి పడిందంటే ఆలోచించకుండా టేపు మార్చెయ్యండి.

ఎండలో ఆపితే పేలిపోయింది

"ఎండకు గాలి వ్యాకోచించింది" అని అందరూ అంటారు. 25 డిగ్రీల దగ్గర 80 పీఎస్‌ఐ కొట్టిన టైరు 45 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 86 అవుతుంది, అంతే. దానికి బాగున్న టైరు పేలదు. ట్యూబు ఎక్కించేటప్పుడు టైరు అంచు కింద ఎక్కడో కాస్త ఇరుక్కుని ఉంటుంది, పేలేది అక్కడే. గాలి కొట్టేముందు రెండు వైపులా చుట్టూ టైరును నొక్కి ట్యూబు కనిపిస్తోందేమో చూసుకుంటే ఇది జరగదు.

వాల్వు మొదట్లో చిరిగితే ఆ ట్యూబు పారెయ్యండి, అక్కడ ప్యాచ్ నిలవదు. వాల్వు లోపలి పిన్ను వదులైతే బిగించండి. రిమ్ము అతుకు దగ్గర గరుకుగా ఉండటం, కొత్త ట్యూబు ఫ్యాక్టరీ నుంచే చెడిపోయి రావడం లాంటివి కూడా ఉంటాయి గానీ ఇన్నేళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే చూశాను, పైవన్నీ చూసుకున్నాకే వాటి దాకా రండి.

ప్యాచ్ నిలవడం లేదు

సొల్యూషన్ పూసి వెంటనే అతికిస్తున్నారు. గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, పల్చగా పూసి, వేలికి అంటకుండా ఆరేదాకా ఆగి, అప్పుడు అతికించి గట్టిగా నొక్కండి.

చివరిగా గాలి సంగతి. మన సన్నటి వాల్వుకు ఊళ్ళలో పంచర్ షాపుల పంపు పట్టకపోతే, అయ్యో అని కూర్చోవాల్సి వస్తుంది. వాల్వు మీద తిప్పి బిగించే చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి కొని సీటు కింద సంచిలో వేసుకోండి, మోటారు సైకిళ్ళకు గాలి కొట్టే ఏ పంపుతోనైనా పనవుతుంది. అదే సంచిలో పిన్నీసు, నెయిల్ కట్టర్, చిటికెడు దూది కూడా పెట్టండి. చేబ్రోలులో చెరువు మధ్య బ్రహ్మ గుడి చూడటానికి ఎలాగూ ఆగుతారు కదా, అప్పుడే రెండు చక్రాలూ ఒకసారి తిప్పి, రబ్బరులో దిగబడినవి పిన్నీసుతో తీసేసి బయల్దేరండి.